బెత్తెడు తలుపు

కెమ్‌చి రేవులో పడవ దిగి
దోన్యా ఒర్ఫా నా చేతిలో పెట్టిన చెప్పుల పెట్టె
కిచకిచలాడుతోంది.
పదకొండు. నిన్న పుట్టినవి.
"నీలిగుడ్ల జాతి, చూసుకో" అని
వానలో గొడుగు లేకుండానే వెళ్ళిపోయింది.
ఈ దీవిలో గొడుగు విప్పేవాళ్ళు పరాయివాళ్ళు.

ఇంట్లో అప్పటికే తొమ్మిదున్నాయి,
ఐదు వారాలవి.
మెడ మీద నూగు పోయి, ఈకలింకా నిండక
ఆకలీ కోపమూ తప్ప మరోటి తెలియని వయసు.
ఎర్రగా కనిపించిందల్లా పురుగే వాటికి,
తోటి పిల్ల కాలివేలైనా సరే.

రోసమెల్ అన్నాడు:
"అన్నీ పిల్లలేగా, ఒకే గంప కింద కప్పెయ్."
ఆయన లెక్కలో పిల్లలంటే పిల్లలే.
పోయినేడు ఆ లెక్కకి నాలుగు పోయాయి.
పొద్దున చూస్తే మూలకి నొక్కుకుపోయి,
తడిసిన ఉన్నిముద్దల్లా.
కీకె దూరిందేమోనని గోడంతా తడిమాం,
ఆ ముంగిస జాతికి వేలు పట్టే సందు చాలు.
సందేం లేదు.
చంపినవాళ్ళు లోపలే
నింపాదిగా నూకలు ఏరుకుంటున్నారు.

ఈసారి కొలిచాను.
సాల్మన్ కంపెనీ పారేసిన వల
కొట్టం మధ్యలో, నేలనుంచి దూలందాకా బిగించాను.
మర్నాటికే ఒక బుడ్డది వలకన్నులోంచి తల దూర్చి
అవతలి ముక్కుకి నెత్తి అప్పగించింది.
వేలిగోరంత నెత్తి.
బూడిద అద్దాను. బతికింది.
వల విప్పేసి సన్న ఇనపజాలీ కొట్టాను.
ఇక చూసుకోవచ్చు, వినొచ్చు,
పొడవడానికి మాత్రం లేదు.

నీళ్ళు ముందు చిన్నవాటికి, తర్వాతే పెద్దవాటికి.
మళ్ళీ చిన్నవాటి దగ్గరికి వెళ్ళాలంటే
బూట్లు మార్చాలి.
పెద్దవి అరిగించుకున్న జబ్బు
వాటి పెంటలోంచి నా మడమకి అంటుకొచ్చి
చిన్నవాటికి నెత్తురు విరేచనాలవుతుంది.
గడప దగ్గర రెండు జతలు:
ఎడమవైపు నల్లవి, కుడివైపు పచ్చవి.
"బిషప్పుగారికైనా ఇన్ని జోళ్ళుండవు"
రోసమెల్ నవ్వుతాడు.
నవ్వుతూనే పచ్చవాటికి చిరుగు అతికించి పెట్టాడు.

సెప్టెంబరు గాలివానకి కరెంటు పోయింది.
ఎర్రబల్బు ఆరగానే
పదకొండూ ఒక్క గొంతై ఏడ్చాయి.
పెట్టె పొయ్యి పక్కకి తెచ్చుకున్నాను,
వేడినీళ్ళ సీసాకి పాత స్వెటరు తొడిగాను.
రాత్రంతా వాటినే చదివాను:
అంచులకి పరుచుకుంటే ఉడికిపోతున్నాయని,
గుట్టపడితే చలేస్తోందని.
తెల్లారుజామున రెండూ కాకుండా
చెల్లాచెదురుగా, మెడలు వాల్చి నిద్రపోయాయి.
అప్పుడు ఏడ్చాను. ఎందుకో అడక్కండి.

నెల తిరిగాక
జాలీ అడుగున పలక కోశాను.
బెత్తెడు ఎత్తు. అంతే.
చిన్నవి బయటికి రావాలి,
తరిమితే తిరిగి దూరిపోవాలి,
తరిమినవాళ్ళ రొమ్ము పలకకి కొట్టుకోవాలి.
మొదటి రోజు ఎవరూ రాలేదు.
రెండోరోజు ఒక మచ్చలపిల్ల గడప దాటి
ఆరడుగులు నడిచి
ఏడో అడుగులో ప్రాణం అరచేత పట్టుకుని పరుగెత్తింది.
సాయంత్రానికి పన్నెండు అడుగులు.
తర్వాత లెక్కపెట్టడం మానేశాను.
తిండిగిన్నెలు మూడు చోట్ల పెట్టాను,
ఒక్క గిన్నె ఉంటే ఒక్క రాజే ఉంటాడు.

నిన్న మునిమాపున లెక్క చూస్తే పది.
పదకొండోది తలుపులో ఇరుక్కుంది,
తలా మెడా లోపల, తోకంతా బయట.
అదే మచ్చలది.
పెద్ద పుంజు అటుగా వచ్చింది,
ఆ తోకని ఒకసారి చూసి
పక్కన నేల గీరుకుంటూ పోయింది.
నేను వంగాను.
లోపలికి తొయ్యాలా, బయటికి లాగాలా
కాసేపు తోచలేదు.
రెక్కల కింద వేళ్ళు పెట్టి
బయటికే లాగాను.
ఒళ్ళు దులుపుకుని, నన్ను ఎగాదిగా చూసి
నా బూటు మీద ఒక్క పోటు పొడిచింది.
నల్లదో, పచ్చదో
చూసుకోలేదు.